ఏసుపాదం మాస్టారి సంతానం

లోతూరు వంశశాఖ, మూడో బల్ల. దినచర్య పుస్తకం.
రాసేది: సిరిగిరి మాణిక్యం, గుమాస్తా, యాభై ఏడేళ్లు.

రోజు 24,870

పొద్దున రాగానే బల్ల మీద ఎర్రదుమ్ము తుడిచాను. గాలిగొట్టానికి గుడ్డ మార్చమని ఇప్పటికి ఆరు అర్జీలు పెట్టాను. మార్చలేదు. కుజుడి మీద, నేలకు నూట ఎనభై అడుగుల లోతున ఊరు కట్టుకున్న మనుషులకు గొట్టానికి గుడ్డ కట్టడం చేతకావడం లేదు.

మా శాఖలో అందరూ రోజూ దినచర్య రాయాలని నియమం. వారానికోసారి సూపరింటెండెంట్ మృత్యుంజయరావు గారు కింద "చదివాను" అని సంతకం పెడతారు. పదేళ్ల కిందట ఓ వారమంతా గుత్తివంకాయ కూర చేసే పద్ధతి రాశాను. దాని కిందా "చదివాను" అనే ఉంది. అప్పట్నుంచీ ఈ పుస్తకంలో నా మనసులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఈ రోజు వచ్చిన పనులు: పుట్టుకలు రెండు, పెళ్లి అర్జీ ఒకటి. ఆ పెళ్లి అర్జీ నాదే.

నవ్వేవాళ్లు నవ్వారు. నవ్వనీ. వరుడు పల్లపోతు ఓబులేసు, అరవై ఏళ్లు, గాలి పంపుల మెకానిక్కు. ఇంతవరకు పెళ్లి కాలేదేమని అడిగితే తీరిక దొరకలేదంటాడు. నా మొగుడు పోయి ఇరవై ఏళ్లయింది. మూడేళ్లుగా ఓబులేసూ నేనూ క్యాంటీన్లో ఒకే బల్ల దగ్గర ఎదురూబొదురూ కూర్చుని తింటున్నాం. ఇంకో అరవై రోజుల్లో, 24,930వ రోజున, అతనికి రిటైర్మెంటు. రిటైరైన ఒంటరి మగాళ్లను పడమటి సొరంగంలో ఉన్న వార్డుకు పంపేస్తారు. అక్కడివాళ్లను నెలకోసారి అద్దం ఇవతలి నుంచి చూసి రావాలి. నాకు ఓబులేసు అద్దానికి అవతల వద్దు, కంచానికి అవతల కావాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందో నాకు తెలియదు.

పెళ్లికి వరస పత్రం కావాలి. కుజుడి మీదే కాపురం ఉంటున్నాం కాబట్టి కుజదోషం చూడనక్కర్లేదని మా పెద్దలు మొదటి ఏడే తీర్మానించారు. అంత విశాల హృదయులు వరసల దగ్గర మాత్రం పట్టు వదల్లేదు. భూమి మీది పాత సర్కారు రికార్డులన్నీ మింగి కూర్చున్న యంత్రం ఒకటుంది. ఎవరికి ఎవరు ఏమవుతారో అదే చెప్పాలి. ఊళ్లో దాన్ని పేరయ్య అంటారు. నా అర్జీ పేరయ్య నోట్లో పెట్టాను.

రోజు 24,874

పేరయ్య జవాబు వచ్చింది. ఓబులేసు నాకు అన్నయ్య అవుతాడట.

నాలుగుసార్లు చదివాను. తరువాత పేరయ్య ఏ కాగితం చూసి ఈ కూత కూసిందో తీయించాను. పోయిన నెల భూమి నుంచి కొత్త రికార్డులు వచ్చాయి. వాటిలో గుండ్లవారిపాలెం మగపిల్లల బడి అడ్మిషన్ రిజిస్టరు ఉంది. నూట యాభై ఏళ్ల కిందటి పుస్తకం. మా ఊళ్లో చాలామంది ముత్తాతలు ఆ బడిలో చదివినవాళ్లే. వాళ్ల మనవలనే సొరంగాలు తవ్వడానికి ఇక్కడికి తెచ్చారు. రిజిస్టరులో నా ముత్తాత పేరుంది, ఓబులేసు ముత్తాత పేరూ ఉంది. "తండ్రి లేక సంరక్షకుడు" అన్న గడిలో ఇద్దరికీ ఒకటే పేరు: నన్నెపోగు ఏసుపాదం. ముత్తాతలు అన్నదమ్ములైతే మేం దాయాదులం. పేరయ్యకు అంతే తెలుసు.

పేజీలు తిప్పాను. ఆ పేరు మా ఇద్దరి ముత్తాతలకే కాదు, రెండువందల పన్నెండు మంది పిల్లలకుంది. అందరి పుట్టినరోజూ జూలై ఒకటి. ఒక ఏడాదైతే ఒకే జూలై ఒకటిన పంతొమ్మిది మంది పుట్టారు. ఏసుపాదం ఎవరా అని చూస్తే ఆ బడి హెడ్మాస్టరు. నాకు నవ్వాగలేదు. పుట్టినరోజు తెలియని పిల్లలందరికీ బడి తెరిచే రోజుల తారీఖు ఒకటి వేసేసేవారని మా నాయనమ్మ చెప్పేది. తలకాయ ఉన్న ఎవరికైనా విషయం అర్థమవుతుంది కదా అని నేరుగా సూపరింటెండెంట్ గదికి వెళ్లాను. అదీ నా తెలివి.

"సార్, ఒక మనిషికి ఒకే రోజు పంతొమ్మిది మంది పిల్లలు పుడతారా?"

"పూర్వం మనుషులు గట్టిగా ఉండేవాళ్లమ్మా," అన్నారు మృత్యుంజయరావు గారు, తల ఎత్తకుండా.

"పదిహేడేళ్లు వరసగా, ప్రతి జూలై ఒకటో తారీఖునా?"

"క్రమశిక్షణ గల మనిషి. హెడ్మాస్టరు కదా."

"డాక్టరమ్మ మా ఇద్దరి రక్తం చూసి ఏ చుట్టరికమూ లేదని రాసిచ్చింది సార్. ఇదుగో."

ఆయన ఆ కాగితాన్ని వేలి కొసతో నా వైపు తోశారు. "రక్తానిదేముందమ్మా, ఓ సీసా ఎక్కించుకుంటే మారిపోతుంది. రికార్డు మీద ముద్ర ఉంది. ముద్ర మారదు. అర్జీ తిరస్కరించి ఫైలు మూసెయ్. నీ అర్జీయే కాబట్టి నీకు శ్రమ కూడా తక్కువ."

మధ్యాహ్నం క్యాంటీన్లో ఓబులేసు నా మొహం చూసి చెంచా కింద పెట్టాడు. "ఏందంట?"

"నువ్వు నాకు అన్నవంట."

"పెద్దన్నా, చిన్నన్నా?"

"ఒళ్లు మండిపోతుంటే ఎకసెక్కాలేంది నీకు?"

"మరి ఏడవమంటావా? ఏడిస్తే గాలి దండగ." కాసేపు కంచంలో మెతుకులు కెలికాడు. "అరవై ఏళ్లు ఒక్కణ్ణే ఉన్నా మాణిక్యం. అప్పుడేం అనిపించలా. ఇప్పుడు ఆ వార్డు మాట తలుచుకుంటే భయమేస్తంది."

ఆ మనిషి భయమనే మాట అనగా నేనెప్పుడూ వినలేదు.

రోజు 24,881

పేరయ్య ఊరుకోలేదు. రిజిస్టరు మొత్తం జీర్ణం చేసుకుంది. ఊళ్లో మూడువేల వంద మంది ఉంటే, రెండువేల ఆరువందల నలభై మంది ఏసుపాదం మాస్టారి వంశమేనని తేల్చింది. అంతా దాయాదులే, అంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. నిలిచి ఉన్న పెళ్లి అర్జీలు నలభై ఒకటి. అన్నీ నా చేతే కొట్టేయించారు. ఒక పిల్లయితే నా బల్ల ముందే కూర్చుని ఓ గంట ఏడ్చింది. నేనూ ఏడ్చేదాన్నే, కానీ ఆ రోజు డ్యూటీలో ఉన్నాను.

ఇప్పటికే పెళ్లయినవాళ్ల సంగతేమిటని పెద్దల కమిటీ రెండు రోజులు కూర్చుంది. ఉత్తర్వు వచ్చింది: "వివాహితులు యథావిధిగా కాపురం కొనసాగించవచ్చు. అయితే నలుగురిలో అన్నాచెల్లెళ్ల మర్యాద పాటించాలి." క్యాంటీన్ వంటమనిషి వీరనాగమ్మ పదిహేనేళ్లుగా నన్ను వదినా అని పిలిచేది. ఇవాళ "అక్కా, చారు పోయనా?" అంది.

"మీ ఆయన్ని ఏమని పిలుస్తున్నావే?" అని అడిగాను.

"పిలవటం మానేశా. మొగుడుగా ఉన్నప్పుడే మాట వినలా, అన్నయితే వింటాడా?"

అసలు తమాషా మా ఆఫీసులో జరిగింది. మృత్యుంజయరావు గారి గది గోడ మీద బంగారు రంగు చట్రంలో ఆయన వంశవృక్షం ఉండేది. పైకి పోతే ఎవరో దివాను గారు. వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. పేరయ్య ఆ చెట్టును మొదలంటా నరికి ఏసుపాదం మాస్టారి దగ్గర అంటుకట్టింది. పొద్దున చూస్తే గోడ ఖాళీ. నన్ను లోపలికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, "మాణిక్యమ్మా, ఆ మాస్టారి ఇంటిపేరు పైకి చదవకు. మాస్టారు అంటే చాలు," అన్నారు.

"ఎందుకు సార్?"

"ఊరికే."

ఊరికే కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. భూమి వదిలొచ్చాం, ఇలాంటివి మాత్రం జాగ్రత్తగా మూట కట్టుకొచ్చాం. ఇవాళంతా పనికట్టుకుని ఆ ఇంటిపేరు గట్టిగా చదువుతూ కాగితాలు సర్దాను.

రోజు 24,889

సంగయ్య తాత పోయాడు. తొంభై నాలుగేళ్లు. చక్కగా తిని, నిద్రలో పోయాడు. మంచి చావే. చిక్కు ఆ తరువాత వచ్చింది.

దాయాది పోతే పది రోజులు మైల సెలవు ఇవ్వాలని మా ఊరి నియమం. మధ్యాహ్నానికల్లా నా బల్ల మీద రెండువేలకు పైగా సెలవు అర్జీలు. అందులో సంగయ్య తాతను ఎప్పుడూ చూడనివాళ్లు చాలామంది. ఒకడు కారణం గడిలో "తట్టుకోలేకపోతున్నాను" అని రాసి, సంగయ్య పేరు తప్పు రాశాడు. నియమం నియమమే కాబట్టి అన్నింటికీ ముద్ర వేశాను. చెయ్యి వాచింది.

వీరనాగమ్మ కూడా సెలవే. బదులు వచ్చినవాడు, మైలలో తాలింపు వేయకూడదంటూ ఊరందరికీ చప్పిడి పప్పు పోశాడు. పంపుల గదిలో అరవై మంది ఉండాల్సిన చోట నలుగురు వచ్చారు. ఓబులేసు కూడా దాయాదే, సెలవు తీసుకోవచ్చు. తీసుకోలేదు.

"నువ్వు ఇంట్లో కూర్చోవచ్చుగా?" అన్నాను.

"నేను కూర్చుంటే నువ్వు గాలి యాడ పీలుస్తావు?"

ఇలాంటి మాటలు అన్నయ్యలు అంటారా? పేరయ్యను ఎవరైనా అడగండి.

రోజు 24,896

సంగయ్య తాత మైల ఇంకా మూడు రోజులుండగా ఇంకో ముసలమ్మ పోయింది. మళ్లీ పది రోజులు. సెలవు మీద సెలవు. గాలి పలచబడింది. పొద్దున నోటీసు అంటించారు: "పరుగెత్తరాదు. పాడరాదు. అనవసరంగా మాట్లాడరాదు. దంపతులు, అనగా అన్నాచెల్లెళ్లు, పోట్లాటలు వాయిదా వేసుకోవాలి."

అన్నం పట్టుకుని పంపుల గదికి వెళ్లాను. ఓబులేసు మూడు షిఫ్టులుగా అక్కడే ఉన్నాడట. పెదాలు నల్లబడ్డాయి. ముద్ద కలిపి నోట్లో పెడితే నమలడానికి కూడా ఓపిక లేదు. "ఇంకొక్కరు పోతే ఈ నలుగురం కూడా ఆపలేం. ఊరికి ఊరే పోయుద్ది. అప్పుడు సెలవు ఎవరు తీసుకుంటారో," అన్నాడు. నవ్వబోయి దగ్గాడు. రిటైర్మెంటు దాకా ఈ మనిషి బతికుంటాడా అనిపించింది.

ఆఫీసుకొచ్చి ఆ రిజిస్టరు ఫొటోలు మొదటి పేజీ నుంచి నా కళ్లతో చూడడం మొదలుపెట్టాను. పేరయ్య గడుల్లో రాసిందే చదువుతుంది, గడి దాటితే అది గుడ్డిదే. ఆఖరి పేజీలో, గీతలకు అవతల, పెన్సిలుతో సన్నటి రాత ఉంది. కష్టపడి కూడబలుక్కున్నాను.

"ఈ పిల్లల తల్లిదండ్రులు మట్టిపనికి పోయినారు. ఏ కాలువ మీద ఉన్నారో తెలియదు. తండ్రి పేరు ఏమిటిరా అంటే నాయన అంటున్నారు. పేరు లేనిదే బడిలో చేర్చరాదని పైవారి ఆజ్ఞ. నా పేరు వేసినాను. తప్పయితే శిక్ష నాకు, పిల్లలకు కాదు. ఏసుపాదం, హెడ్మాస్టరు."

బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. గాలి దండగైతే అయింది.

రోజు 24,898

పెద్దల కమిటీ ముందు ఆ పేజీ పెట్టాను. అందరూ చదివారు. అందరూ ఆయాసపడుతున్నారు. మృత్యుంజయరావు గారు, "గడి బయట రాసింది రికార్డు కాదు," అన్నారు. మామూలుగా అయితే అక్కడితో సరి. కానీ అధ్యక్షుల వారికే ఊపిరి అందక మాట ముక్కలైపోతోంది. అందుకే మా ఊరి చరిత్రలో మొదటిసారి కమిటీ పావుగంటలో తీర్మానం చేసింది.

తీర్మానం ఇది. మాస్టారి పేరు తీసేయొచ్చు. కానీ గడి ఖాళీగా ఉండరాదు. ప్రతి పిల్లవాడికీ అసలు తండ్రి పేరు, వృత్తి రికార్డుల్లోంచి వెతికి, మూడో బల్ల గుమాస్తా సంతకం, ముద్రతో మూడు రోజుల్లో నింపాలి. తప్పుడు పేరు రాసినట్టు తేలితే గుమాస్తాకు బతికినంతకాలం నీళ్ల కోసం మంచు తవ్వే మంచుగుంటలో పని.

మూడో బల్ల గుమాస్తా నేను. ఆ పేర్లు ఏ రికార్డులోనూ లేవు. ఉంటే మాస్టారే రాసేవాడు.

రోజు 24,901

మూడు రోజుల పని ఒకేసారి రాస్తున్నాను.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను ఒక్క తప్పుడు అక్షరం రాయలేదు. మొదటి పేరు రాయడానికి ఒక పూటంతా పట్టింది. కలం పెట్టడం, తీయడం. నలభై ఒక్క అర్జీలు గుర్తొచ్చాయి. నా బల్ల ముందు ఏడ్చిన పిల్ల గుర్తొచ్చింది. ఓబులేసు నల్లబడిన పెదాలు గుర్తొచ్చాయి. మంచుగుంటా గుర్తొచ్చింది, అబద్ధమెందుకు. "అంకాలు" అని రాశాను. ముద్ర వేశాను. ఆకాశం విరిగి మీద పడలేదు, మాకు ఆకాశం లేదు కూడా.

తరువాత పేర్లు వాటంతటవే వచ్చాయి. పోలయ్య, చిన గురవయ్య, తిరపతయ్య, కోటిగాడు, బుల్లి మస్తాను. వృత్తి గడిలో అందరికీ మట్టిపని. నేను రాసిన వాటిలో నిజమైనది అదొక్కటే. ఓబులేసును అడిగాను, "మీ ముత్తాత నాయనకి ఏ పేరు కావాలి?" అని. "ఏదో ఒకటి పెట్టు. నీకు అన్నను గాకుండా పోతే చాలు," అన్నాడు. బాలకోటయ్య అని పెట్టాను.

రెండో రోజు మృత్యుంజయరావు గారు వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డారు. పైఅధికారి నా బల్ల దాకా రావడం అదే మొదలు.

"ఈ పేర్లన్నీ ఎక్కడ దొరికాయమ్మా?"

"రికార్డులో సార్."

"ముద్ర ఉందా?"

"ఇప్పుడే వేశాను."

ఆయనకు అర్థమైంది. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "మా ముత్తాత గారి తండ్రి దగ్గర కాస్త చూసి రాయి. దివాను అని..."

"పేరు మీ ఇష్టం సార్. పని మాత్రం మట్టిపనే."

"అందరికీ అదేనా?"

"అందరికీ అదే."

రొప్పుతున్నారు. ఆఖరికి, "సోమలింగం అని రాయి," అన్నారు. రాశాను. కింద సంతకం పెట్టారు. నన్ను మంచుగుంటకు పంపితే ఆ సోమలింగం కూడా నాతోపాటే పోతాడు. ఆ సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు.

రోజు 24,902

రెండువందల పదకొండు పేర్లు పూర్తయ్యాయి. పేరయ్య నోరెత్తకుండా మింగింది. మైల సెలవులన్నీ రద్దు. పంపుల గదికి యాభై ఆరు మంది తిరిగొచ్చారు. ఓబులేసును బలవంతాన ఇంటికి పంపి పడుకోబెట్టారట.

ఇంక ఒకటే గడి మిగిలింది, నా ముత్తాతది. తన వంశం గడి గుమాస్తా తానే దిద్దుకోకూడదు. మృత్యుంజయరావు గారు, "పేరు చెప్పు, నేను రాసి సంతకం పెడతాను," అన్నారు. మంచి మాటే. రేపు చెబుతానన్నాను.

ఆ మాస్టారు ఎవరో, ఎలా బతికాడో చూడాలనిపించింది. ఇన్నాళ్లూ ఆ తీరిక దొరకలేదు. వెతికితే ఏదో పట్నం ఆసుపత్రి చావుల రిజిస్టరులో దొరికాడు. నన్నెపోగు ఏసుపాదం, రిటైర్డు హెడ్మాస్టరు, డెబ్భై ఒక్క ఏళ్లు. పెళ్లి: కాలేదు. సంతానం: సున్న. శవాన్ని తీసుకెళ్లినవారు: ఎవరూ లేరు. ముందే దొరికినా దీంతో లాభం ఉండేది కాదు. రెండు రికార్డులు పోట్లాడుకుంటే పాతదే గెలవాలని పేరయ్య చట్టం.

ఆ సున్నను చూస్తూ కూర్చున్నాను. రెండువందల పన్నెండు మందికి పేరిచ్చిన మనిషిని ఒక్కడూ మోయడానికి రాలేదు. ఇప్పుడు ఆ రెండువందల పదకొండు మందినీ ఆయన పక్కనుంచి కొట్టేసింది నేనే. కొట్టేయక తప్పలేదు.

సాయంత్రం సూపరింటెండెంట్ గదికి వెళ్లి, "నా గడి అలాగే ఉండనివ్వండి సార్," అన్నాను.

"ఆ ఇంటిపేరుతోనా?"

"ఆ ఇంటిపేరుతోనే."

రోజు 24,906

పెళ్లయింది. పేరయ్య అడ్డు చెప్పలేదు. బాలకోటయ్య వంశం, ఏసుపాదం వంశం, ఏ చుట్టరికమూ లేదంది. వీరనాగమ్మ తాలింపు వేసిన పప్పు చేసి, "వదినా, ఇంకొంచెం నెయ్యి," అంటూ నా కంచం నింపేసింది. పత్రం మీద నా బంధువుల గడిలో ఎవరూ లేరని ఉంది. పోయిన వారం రెండువేల మంది ఉండేవాళ్లు.

ఓబులేసు ఆ పత్రం అటూ ఇటూ తిప్పి చూశాడు. "మాస్టారింటి పిల్లను చేసుకున్నా. లెక్క తప్పితే కొడతావా ఏంది?"

"కొడతా," అన్నాను.

అతన్ని గదికి పంపి నేను ఆఫీసుకు వచ్చాను. పెళ్లిరోజున పనేంటని నవ్వాడు. చిన్న పని, పావుగంట పట్టింది. ఆసుపత్రి రిజిస్టరులో ఆ పేజీ తీశాను. సంతానం అన్న గడిలో సున్న కొట్టేసి ఒకటి అని రాశాను. ముద్ర వేశాను.